ఒక్క కోయతాకు ఎన్ని కాళ్లు

క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని, అది చల్లారిపోయేదాకా గోడకేసి చూస్తూ నిలబడిపోయిన జ్యోతిరాణిని మీరు మరిచిపోయి ఉండరు. ఆ జ్యోతిరాణిని నేనే. బోధన్ దారిలోని మా సుధామ షుగర్స్‌లో పదకొండేళ్ల సర్వీసు నాది. మా పంచదార కొనే డచ్చి బిస్కెట్ల కంపెనీ వాళ్లు, చెరుకు కూలీల సంక్షేమం గురించి చెప్పడానికి మీలో ఒకరు ఆమ్‌స్టర్‌డామ్ రండి అని పిలిచారు. ఆ సంక్షేమ విభాగాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన నన్ను పక్కన పెట్టి, మూడేళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకున్న స్నేహలత పేరు పంపించారు మా మిల్లు వాళ్లు. సరిగ్గా అదే వారం, నాందేడ్ వైపు నుంచి కోతకు వచ్చిన రుక్మాబాయి నెత్తిన చెరుకు మోపుతో లారీకి వేసిన పలక ఎక్కుతూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మిల్లు చేయించిన ప్రమాద బీమా ఉంది కదా అని ఆసుపత్రిలో అడిగితే, జాబితాలో ఆమె పేరే లేదన్నారు. ఆ జాబితా కింద ఉన్న సంతకం స్నేహలతది.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. ఆ సంతకం చూడగానే నాకు సంతోషం వేసింది. లోపల మంచం మీద ఒక ఆడమనిషి పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటోంది, బయట కౌంటర్ దగ్గర నేను మనసులో పండగ చేసుకుంటున్నాను. ఛీ అనుకోండి. నేనూ అనుకున్నాను, కాకపోతే తర్వాత. ముందు చేసిన పని వేరే. జాబితాను ఫోన్‌లో ఫోటో తీసి డచ్చి వాళ్ల ఫిర్యాదుల నంబరుకు వాట్సాప్‌లో పంపాను. లెక్క తప్పు, ఈ తప్పుడు లెక్క మొదలుపెట్టింది స్నేహలత అని కింద రాశాను. నా పేరు రాయలేదు.

ఆ నంబరున్న పోస్టరు మా క్యాంటీన్ గోడ మీద మూడు భాషల్లో ఉంటుంది. మీ పేరు రహస్యంగా ఉంచుతాం అని పెద్ద అక్షరాల్లో. అంటించింది నేనే. కోత కూలీలు ఏనాడూ అడుగుపెట్టని క్యాంటీన్‌లో అంటించి, ప్రతి ఏడూ 'ఫిర్యాదులు: సున్నా' అని గర్వంగా రిపోర్టు రాసుకున్నాను. అలా ఆ నంబరుకు వెళ్లిన మొట్టమొదటి ఫిర్యాదు కూడా నాదే అయింది.

శుక్రవారం పొద్దున మళ్లీ నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి ఆసుపత్రికి వెళ్లాను. దయ కొద్దీ అనుకోకండి. స్నేహలతను నిలదీసే ముందు ఇంకో నాలుగు వివరాలు చేతిలో ఉంటే బాగుంటుందని వెళ్లాను. రుక్మాబాయి కాలికి బరువు వేలాడదీసి ఉంచారు. సోమవారం లోపల రాడ్ వెయ్యకపోతే కాలు పొట్టిదైపోతుందని, మళ్లీ మోపు ఎత్తడం కుదరదని డాక్టరు చెప్పాడట. ఆమె మొగుడు గంగారాం కిటికీ కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని కాళ్లకు మా మిల్లు ఇచ్చిన నల్ల రబ్బరు బూట్లున్నాయి. దుప్పటిలోంచి బయటికి వచ్చిన ఆమె పాదం మాత్రం చెరుకు ఆకులు కోసిన గీతలతో, మడమ పగుళ్లతో నల్లబడి ఉంది.

పలక మీద మంచుకు తడి ఉండిందని, వట్టి కాలు జారిందని ఆమె చెప్పింది. నీకు బూట్లు ఇవ్వలేదా అని అడిగాను. అంత నొప్పిలోనూ నవ్వింది.

"కోయతాకు ఒక్క జతనే అక్కా. మా ఇద్దరిది కలిసి ఒక్క కోయతా. మొగోని పేరు రాస్కుంటరు. నేను అండ్లనే ఉన్న."

కోయతా అంటే మరాఠీలో చెరుకు నరికే కత్తి. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది గంగారాం విడమరిచి చెప్పాడు. కోతకు వచ్చేవాళ్లు జంటలుగా వస్తారు. మొగుడు చెరుకు నరుకుతాడు, పెళ్లాం ఆకు దులిపి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీకి చేరుస్తుంది. వాళ్లను తీసుకొచ్చే మేస్త్రీని ముఖద్దం అంటారు. ఆ ముఖద్దం లెక్కలో జంట మొత్తం కలిసి ఒక కోయతా. పెళ్లాం లేకుండా ఒంటరిగా వచ్చినవాడు సగం కోయతా. అంటే మా జాబితాలో ఉన్న రెండొందల పద్నాలుగు మంది మనుషులు కాదు, జంటలు. బూట్లు, చేతి తొడుగులు, తాగునీళ్ల డబ్బాలు, మరుగుదొడ్లు, బీమా, అన్నీ సగం మందికే వెళ్లాయి. ఆ సగం మొత్తం మగవాళ్లు.

నేను లేవబోతుంటే రుక్మాబాయి నా చెయ్యి పట్టుకుంది.

"బీమా వస్తే వచ్చె, రాకుంటే రాకపాయె. నా పేరైతే రాస్కో అక్కా. వచ్చే ఏడు మా బిడ్డ మంగలకు లగ్గం. అది సుత కోతకు వస్తది. దాని పేరు సుత ఇప్పుడే రాస్కో."

నా నోటుబుక్కులో ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. రాస్తున్నప్పుడు కూడా నా బుర్రలో తిరుగుతున్నది ఒక్కటే, స్నేహలత మొహం ఎలా మాడిపోతుందా అని. కోయతా అన్న మాట ఇంతకుముందు ఎప్పుడో నా చేతుల మీదుగా వెళ్లినట్టు ఒక్క క్షణం అనిపించింది కానీ పట్టించుకోలేదు. బస్సెక్కి, జానకంపేట దాటేదాకా స్నేహలతను అడగాల్సిన మొదటి ప్రశ్న పదిసార్లు మార్చి మార్చి తయారుచేసుకున్నాను.

పదకొండు గంటలకు డచ్చి వాళ్లతో వీడియోలో మాట్లాడాల్సి ఉంది. స్నేహలత అక్కడికి వెళ్లి చెప్పబోయేదంతా ముందు ఇక్కడ ఒకసారి చెప్పి చూపించాలి. నేను మీటింగ్ గదిలోకి వెళ్లేసరికి పదిన్నర. గానుగ చప్పుడుకి కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి, మొలాసిస్ వాసన గదంతా పట్టేసింది. స్నేహలత ఒక్కతే కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఫోటోలు సర్దుకుంటోంది. సాయంత్రం ఇటునుంచి ఇటే హైదరాబాద్ బయలుదేరాలి కాబట్టి కుర్చీ పక్కన కొత్త సూట్‌కేసు. నేరేడుపండు రంగు. దాని చక్రాలు నాలుగూ ఎటంటే అటు తిరుగుతాయని ముందురోజు ఆఫీసంతా తిప్పి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికి వెళ్లి బీరువాలో పట్టుచీరల కింద పడున్న నా పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. నాలుగేళ్ల కిందట ఆశపడి తీయించుకున్నది. ఒక్క ముద్ర లేదు, పేజీ పేజీకి కలరా ఉండల వాసన.

ఎందుకంత మంట అంటే ఏం చెప్పను. స్నేహలత ఇంగ్లీషు మాట్లాడితే నోట్లోంచి నీళ్లలా వస్తుంది. నేను ముందు తెలుగులో కూర్చుకుని, తర్వాత ఒక్కో మాటా మార్చుకుని చెప్పేసరికి అవతలివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. డచ్చి కంపెనీ తరఫున మా మిల్లును చూసుకునే యోహానా దాన్ని 'స్నేహా డియర్' అంటుంది. నన్ను 'మిసెస్ జ్యోతి' అంటుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ 'డియర్' కోసం నేను రెండేళ్లుగా కుళ్లిపోతున్నాను.

ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న జాబితా నకలు తీసి దాని ల్యాప్‌టాప్ మీద పెట్టాను. బస్సులో తయారుచేసుకున్న ప్రశ్న అడిగాను.

"ఒక్క కోయతాకు ఎన్ని కాళ్లుంటయ్ స్నేహా?"

తడబడుతుందనుకున్నాను. ఏం కోయతా, ఏం కాళ్లు అని అడుగుతుందనుకున్నాను. అది తల కూడా ఎత్తలేదు.

"నాలుగక్కా" అంది.

లేచి వెళ్లి బీరువా తెరిచింది. వెనక అరలోంచి ఒక ఆకుపచ్చ ఫైలు తీసి, అందులోని అట్టడుగు కాగితం నా ముందు పెట్టింది. ఐదేళ్ల కిందట డచ్చి వాళ్లు మొట్టమొదటిసారి అడిగిన వివరాల ఫారం అది. కోత కూలీల సంఖ్య అన్న గడిలో నూట ఎనభై ఆరు. పక్కన ఖాళీలో పెన్సిల్‌తో 'ముఖద్దం ఫోన్‌లో చెప్పినది: 186 కోయతాలు' అని ఉంది. కింద సంతకం. 'జ్యో' కింద తోక లాగి సంతకం చెయ్యడం ఈ మిల్లులో ఒక్కదాని అలవాటే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంతా గుర్తొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా ఫారం పంపాలన్నారు. పొలానికి వెళ్లే తీరిక లేక ముఖద్దానికి ఫోన్ చేసి ఎంతమంది అని అడిగాను. అతను కోయతాల్లో చెప్పాడు. ఒక కత్తి అంటే ఒక మనిషి అనుకుని గడిలో రాసేశాను. ఆడవాళ్లు వంటకీ, పిల్లల్ని చూసుకోవడానికీ వెంట వస్తారని నాకు నేనే అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే గడి, అదే పద్ధతి, అంకె మాత్రమే మారింది. స్నేహలత వచ్చాక సంతకం కూడా మారింది.

అంతటితో అయిపోలేదు. రెండో ఏడు బూట్లు పంచిన ఫోటోల్లో ఆడవాళ్లందరూ వట్టి కాళ్లతో ఉంటే, యోహానా కారణం అడిగింది. 'ఇక్కడి మహిళలు బూట్లు వేసుకోవడానికి ఇష్టపడరు' అని నేను జవాబు రాశాను. ఒక్కరినైనా అడిగానా అంటే లేదు. స్థానిక సంస్కృతిని గౌరవిస్తున్నారని వాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది.

అంత తప్పు కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు కూడా నాకు కలిగిన మొదటి బాధ ఏమిటో తెలుసా? నా తప్పు నాకంటే ముందు దీనికి దొరికిందే అని. ఇందులో కూడా ఇదే ముందా అని.

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నవంబర్‌లో బూట్లు పంచుతున్నప్పుడు ఒక ముసలామె తన కాళ్లు ముందుకు చాపి, ఇవి ఏ కోయతావి అని అడిగిందట. అప్పుడు పాత ఫైళ్లన్నీ తిరగేసి ఈ ఫారం దగ్గరికి వచ్చి ఆగిందట. నేరుగా జీఎం వేణు సర్ దగ్గరికి వెళ్లి చెప్పిందట. మార్చిలో డచ్చి వాళ్లతో ఒప్పందం మళ్లీ రాసుకోవాలి, ఇప్పుడు లెక్క దిద్దితే ఐదేళ్ల రిపోర్టులన్నీ అబద్ధమవుతాయి, మొదటి సంతకం పెట్టిన జ్యోతిరాణి ఉద్యోగం పోతుంది, ఆలోచించుకో అన్నాడట ఆయన.

నన్ను కాపాడటానికి నోరు మూసుకుందన్నమాట. చెప్తే నమ్మరు, దాని మంచితనం మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. ఇంతలో అదే ఆ మంచితనాన్ని కింద పడేసింది.

"నీ కోసం ఒక్కటే కాదక్కా. అబద్ధం ఎందుకు చెప్పాలె. నాకు పోవాలని ఉండె. మా ఊరు సిరికొండల మా ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వలు విమానం ఎక్కలే. పోయొచ్చినంక చెప్తామనుకున్న. గంతట్లనే ఆమె పడ్డది."

కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది కానీ తుడుచుకోలేదు. మా ఇద్దరి మధ్య టేబుల్ మీద నా ఫారమూ దాని జాబితా పక్కపక్కనే ఉన్నాయి. ఒకరం తెలియక రాశాం, ఒకరం తెలిసి దాచాం, ఇద్దరి మనసూ ఒకే విమానం మీద ఉంది. నేను దాని భుజం మీద చెయ్యి వేయాల్సింది. వేయలేదు. నిన్న కౌంటర్ దగ్గర పంపిన ఫోటో గుర్తొచ్చి, ఆ చెయ్యి ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడే వేణు సర్ వచ్చాడు. టేబుల్ మీది కాగితాలు చూశాడు, తలుపు వేశాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఎవరినీ తిట్టకుండా తన పని జరిపించుకుంటాడు. రుక్మాబాయికి ఆపరేషన్ మిల్లే చేయిస్తుందని, బీమా ఊసెత్తకుండా సోమవారం లోపలే అయిపోతుందని చెప్పాడు. మిగతా ఆడవాళ్ల సంగతి వచ్చే సీజన్‌లో చూద్దామన్నాడు. ఈ జాబితా ఇప్పటికే ఆసుపత్రి దాకా పోయింది కాబట్టి తప్పు ఎవరో ఒకరి మీద పడాలన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"జ్యోతిరాణి గారూ, ప్రయాణం రెండు వారాలు వెనక్కి జరుపుదాం, మీ వీసా సంగతి నేను చూస్త, మీరే పోండి. చిన్నపిల్ల, తెలువక తప్పు రాసింది, మీరు పట్టుకున్నరు. గంతే చెప్దాం. ఆ పాత కాగితం నాకియ్యండి."

చెయ్యి చాపాడు. స్నేహలత ఆ ఫారాన్ని మెల్లగా నా నోటుబుక్కు కిందికి జరిపింది. ఇవ్వడమా మానడమా, ఇక నా ఇష్టం.

వెంటనే కాదన్నానని రాస్తే నాకూ గౌరవంగానే ఉండేది. అనలేదు. నా పాస్‌పోర్టు ఏ చీర కింద ఉందో గుర్తు తెచ్చుకున్నాను. చలికి ఏం వేసుకోవాలో కూడా ఒక క్షణం ఆలోచించాను. నేను ఇన్నాళ్లూ ఏది కోరుకున్నానో అది అరచేతి దూరంలో ఉంది. దానికి బదులు స్నేహలత ఉద్యోగం, పొలాల్లో ఇంకా వట్టి కాళ్లతో తిరుగుతున్న రెండొందల మంది ఆడవాళ్లు.

గోడ మీద తెర వెలిగింది. యోహానా కనిపించింది. నమస్తే అని చేతులు జోడించింది కానీ ఈసారి 'స్నేహా డియర్' అనలేదు. రిహార్సల్ తర్వాత చూద్దామని, నిన్న తమకు ఒక ఫిర్యాదు వచ్చిందని చెప్పి దాన్ని తెర మీద పెట్టింది.

జాబితా ఫోటో. రెండు గజాల వెడల్పున. కింది మూలన కాగితాన్ని కదలకుండా పట్టుకున్న నా వేళ్లు, ఉంగరపు వేలికి మా అమ్మ పెట్టిన పగడపుటుంగరం.

స్నేహలత తెర వైపు చూసింది. తర్వాత టేబుల్ మీదున్న నా చెయ్యి వైపు చూసింది. మా వైపు మైకు ఆపేసి ఉంది.

"నువ్వేనా అక్కా?" అని మెల్లగా అడిగింది.

నేను చెయ్యి టేబుల్ కిందికి లాక్కున్నాను. అదే జవాబైపోయింది. తిట్టినా బాగుండేది. అది కుర్చీని నా పక్క నుంచి జానెడు దూరం జరుపుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

యోహానా అడుగుతోంది. ఈ లెక్క స్నేహలత మొదలుపెట్టిందని రాశారు, నిజమేనా? అసలు మొదటి సంవత్సరం కూలీలను లెక్కపెట్టింది ఎవరు? వేణు సర్ నాకేసి చూసి, చెప్పండి అన్నట్టు తల ఊపాడు. నేను నోటుబుక్కు తెరిచాను. ఫారం కోసం కాదు, చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి. పొద్దున రాసిన పేజీ తెరుచుకుంది. రుక్మాబాయి. కింద మంగల. ఇంకా లగ్గం కూడా కాని పిల్ల, ఇప్పటికే ఎవరి కోయతాలోనో సగం.

మైకు నొక్కాను. ఈసారి ముందుగా తెలుగులో కూర్చుకోలేదు. వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పేశాను. నా పేరు జ్యోతిరాణి, మొదటి సంవత్సరం లెక్క నాది, ఆ లెక్కలో ఆడవాళ్లు...

తెర నల్లబడింది.

వేణు సర్ గోడ దగ్గర, తెర వైరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కరెంటు పోయింది" అన్నాడు.

పైన ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ముగ్గురం దానికేసి చూశాం.

అంతలో టేబుల్ మీద నా ఫోన్ మోగింది. ప్లస్ ముప్పై ఒకటితో మొదలయ్యే నంబరు, క్యాంటీన్ పోస్టరు మీద నా చేతులతో నేను అంటించిన నంబరు. పేరు రాయకపోతే చాలనుకున్నాను. ఫోటో వెళ్లింది నా సొంత ఫోన్ నుంచేనన్న ఆలోచన, ఆ కుళ్లులో, నాకు తట్టనే లేదు. నేను చెప్పిన మాటలు అవతలికి ఎంతవరకు వినిపించాయో తెలీదు. వాళ్ల దగ్గర ఉన్నది మాత్రం స్నేహలత పేరు ఉన్న ఫిర్యాదు, నా నంబరు.

ఎత్తకండి అని వేణు సర్ చెయ్యి ఊపాడు. నేను చెయ్యి చాపేలోపే స్నేహలత ఆ ఫోన్ అందుకుంది. నా కళ్లలోకి చూస్తూనే చెవికి ఆనించుకుంది.

"హలో యోహానా, నేను స్నేహలతను" అంది, నీళ్లలా జారే ఆ ఇంగ్లీషులో. "ఈ ఫోన్ ఎవరిదో, నా మీద ఆ ఫోటో ఎందుకు పంపారో నేను చెప్తాను, రాసుకోండి."